ఎనిమిది సాళ్ళు

తల్లి పోయిన పది నెలలకు వైష్ణవి నోరు తెరిచి తండ్రిని అడిగిన మొదటి వస్తువు ఒక గిన్నె.

అంతవరకూ పిల్ల అసలు మాట్లాడలేదని కాదు. తింటవా అంటే ఊ అనేది, బడికి పోతవా అంటే ఊ అనేది. పదేళ్ళ పిల్లకు ఉండాల్సిన పేచీలు, అలకలు, అది కొనియ్యి ఇది కొనియ్యి అనే సతాయింపు మాత్రం ఒక్కటీ లేదు. రాజ్‌కుమార్ తిరుమలగిరి పోయిన ప్రతిసారీ ఏదో ఒకటి తెచ్చేవాడు. రిబ్బన్లు తెచ్చాడు, రంగు పెన్సిళ్ళు తెచ్చాడు, ఒకసారి ఆడుకునే వంట సామాను మొత్తం తెచ్చాడు. అన్నీ తీసుకుని అలమారలో సర్ది పెట్టేది. మళ్ళీ వాటి మొహం చూసేది కాదు.

జులై మొదట్లో రెండు వానలు పడ్డాయి. ఆ సాయంత్రం బడి నుంచి వస్తూ టిఫిన్ డబ్బాను రెండు చేతులా పట్టుకుని, నీళ్ళు తొణక్కుండా, పెళ్ళికూతురు నడిచినట్టు మెల్లగా నడుచుకుంటూ వాకిట్లోకి వచ్చింది.

“డాడీ, వీటికి ఒక గిన్నె గావాలె.”

డబ్బాలో ఇరవై దాకా తోకకప్పలు. మిరియం గింజంత తల, వెంట్రుకంత తోక. తండా దారిలో ట్రాక్టర్ గాడిలో నిలిచిన నీళ్ళలో దొరికాయట.

“గాడి ఎండిపోతున్నది. రేపటికి సచ్చిపోతయ్. నేను సాదుకుంట.”

ఒక్క గుక్కలో ఇన్ని మాటలు! అప్పుడు ఆ పిల్ల ఏనుగును తెచ్చి సాదుకుంటానన్నా రాజ్‌కుమార్ సరే అనేవాడే. వెంటనే లేచి గిన్నె కోసం ఇల్లంతా వెతకడం మొదలుపెట్టాడు.

అతని తల్లి మోతీబాయి గడపలో కూర్చుని చూస్తోంది. ముక్కు మీద కోపం ఉన్న మనిషి. కొడుకు చెయ్యి ఏ గిన్నె మీద పడితే ఆ గిన్నెకొక కారణం చెప్పి వెనక్కి పెట్టించింది. అది పప్పుది, అది పాలది, అది పండక్కి తీసేది. కొట్టం పక్కన మేకలు నీళ్ళు తాగే సిమెంటు గోలెం ఉంది, తట్టలా వెడల్పుగా, మోకాలెత్తు కూడా లేకుండా. దాని వంక చూడగానే గయ్యిమని లేచింది.

“నా గోలెం జోలికొచ్చినవంటే మర్యాద దక్కదు. కప్పలను తెచ్చి ఇంట్లె పెట్టుకునుడేందిరా? మతి గిట్ల పోయిందా?”

“యాడీ, జర ఊకో,” అన్నాడు రాజ్‌కుమార్. తల్లిని తండా మాటతోనే యాడీ అని పిలుస్తాడు. “పిల్ల అడిగింది.”

పిల్ల అడిగిందన్న మాటకు ముసలామె నోరు మూతపడింది. కానీ గోలెం మాత్రం ఇవ్వలేదు.

చివరికి ఇరవై లీటర్ల పాత వాటర్ క్యాను దొరికింది. అందులో నల్లా నీళ్ళు పట్టి తోకకప్పలను వదిలాడు. మర్నాటికి ఏడు వెల్లకిలా తేలాయి. వైష్ణవి వాటిని ఆకులో తీసి మట్టి కప్పింది. ఏడవలేదు గానీ ఆ పూట అన్నం కూడా తినలేదు. రాజ్‌కుమార్‌కు భయం పట్టుకుంది. ఈ మిగిలినవి కూడా పోతే పిల్ల మళ్ళీ నోరు తెరవదని అతనికి గట్టిగా అనిపించింది. అందుకే బండి తీసి సరాసరి బడికి పోయాడు.

తండా బడిలో సైన్సు చెప్పే రంగనాయకమ్మది కోదాడ. ఆయమ్మ మాటలో కృష్ణ అవతలి యాస కొంచెం కలుస్తుంది. నవ్వుతుందేమో అనుకున్నాడు గానీ నవ్వలేదు. కుర్చీ చూపించి, నిదానంగా చెప్పింది.

“క్యాను పనికిరాదండీ. మూతి ఇరుకు, గాలాడదు. నల్లా నీళ్ళలో మందు కలుపుతారు కదా, అది వాటికి పడదు. వాన నీళ్ళు పట్టి రెండు రోజులు నిలవుంచి పొయ్యండి. పాత్ర మాత్రం లోతు చూసుకోకండి, వెడల్పు చూసుకోండి. నీడన పెట్టండి. పాలకూర ఉడకబెట్టి చిటికెడు వెయ్యమనండి.”

“మంచిది మేడం.”

“ఇంకో సంగతి. ముందు కాళ్ళు వచ్చే టయానికి ఒక రాయి ఏటవాలుగా పెట్టాలి. కాళ్ళొచ్చాక తోక కరిగిపోతుంది, మొప్పలు పోతాయి. ఇక మనలాగే గాలి పీల్చాలి. ఎక్కి కూర్చోడానికి చోటు లేకపోతే గోడ పట్టుకుని చుట్టూ తిరిగి తిరిగి, అలిసిపోయి మునిగిపోతాయి. కప్పే కదా, నీళ్ళలోనే ఉంటుందిలే అనుకుంటారు అందరూ.”

రాజ్‌కుమార్ తల దించుకున్నాడు. గోడ పట్టుకుని చుట్టూ తిరగడమన్న మాట అతని చెవిలో పడింది గానీ, దాన్ని లోపలికి పోనివ్వలేదు. కాళ్ళు వచ్చినప్పుడు చూసుకుందాంలే అనుకుని లేచాడు.

ఆ మాటను ఎందుకు లోపలికి పోనివ్వలేదో తెలియాలంటే కుంట సంగతి చెప్పుకోవాలి.

రాజ్‌కుమార్‌కు నాలుగెకరాల పత్తి చేను, ఒక బోరు ఉన్నాయి. బోరు గంట పోస్తే గంట ఆగుతుంది. ఆ వచ్చిన కాస్త నీళ్ళనూ ఒకచోట నిలవ చేసుకుందామని మొన్నటి ఏడాది ఎండాకాలంలో చేను మధ్యలో కుంట తవ్వించాడు. అడుగున, గోడలకు నల్లటి ప్లాస్టిక్ షీటు పరిపించాడు. అతని భార్య రజితది మిర్యాలగూడ పక్కన వేములపల్లి దిక్కు. కాలువల్లో ఈదుతూ పెరిగిన మనిషి. తవ్వే మిషన్ వచ్చిన రోజు గట్టు మీద నిలబడి ఒకే మాట అంది.

“ఒక పక్క వాలుగ తియ్యమను. మా దిక్కు ప్రతి కాలువకు దిగనీకి మెట్లుంటయ్. మా జీవన్‌కు ఫోన్ చేస్త, వాడే వచ్చి మంచిగ తవ్వుతడు.”

జీవన్ ఆమె తమ్ముడు, జేసీబీ నడిపే పని. అతను రావడానికి వారం పడుతుందన్నాడు. రాజ్‌కుమార్ ఆగలేదు. ఒక పక్క వాలు తీయిస్తే ఎనిమిది సాళ్ళ పత్తికి జాగా పోతుందని లెక్కేశాడు. నాలుగు గోడలూ నిట్టనిలువుగా తీయించాడు. మెట్ల సంగతి పత్తి ఏరినాక చూద్దామన్నాడు. ఆ ఏడు పత్తి ఏరారు, అమ్మారు, మళ్ళీ విత్తారు. మెట్ల ఊసు ఎత్తినప్పుడల్లా రజిత మాటను పెడచెవిన పెట్టాడు.

పోయిన ఏడాది సెప్టెంబరులో మోటారు కాలిపోయింది. దాన్ని బాగు చేయించడానికి అతను సూర్యాపేట పోయాడు. ఇంటి దగ్గర రజిత ఒక్కతే పత్తికి మందు కొడదామని కుంట దగ్గరకు వెళ్ళింది. బకెట్‌తో వంగి నీళ్ళు ముంచుతూ జారింది. అతను సాయంత్రం బస్సు దిగి చేనుకు వచ్చేసరికి గట్టు మీద మందు పంపు ఉంది, నీళ్ళ మీద బకెట్ తేలుతోంది.

మందు వాసనకు కళ్ళు తిరిగి పడిపోయి ఉంటుందని తండా అంతా అనుకుంది. పడగానే ప్రాణం పోయి ఉంటుంది, కష్టపడి ఉండదు అని ఓదార్చారు. వైష్ణవికి కూడా అదే చెప్పారు. రాజ్‌కుమార్ కాదనలేదు. కానీ అందరికంటే ముందు అక్కడికి చేరింది అతను. గోడల మీద పట్టిన పచ్చటి నాచులో వేళ్ళ గీతలు ఉన్నాయి. ఒక పక్క కాదు, నాలుగు పక్కలా ఉన్నాయి. ఆమె ఈదింది. ఎక్కే చోటు కోసం చుట్టూ తిరిగింది. ఎంతసేపు తిరిగిందో అతనికి తెలియదు, ఎన్ని రాత్రులు ఆలోచించినా తెలియలేదు. ఆ రాత్రే పడ్డ పెద్దవానకు గీతలన్నీ కడుక్కుపోయాయి.

దినాల నాడు జీవన్ గట్టు మీద నిలబడి చాలాసేపు ఆ గోడల వంక చూశాడు. “మెట్లేవి బావా?” అని అడిగాడు. ఆ పోయినవాడు మళ్ళీ ఈ గడప తొక్కలేదు.

సరే, బడి నుంచి అటే బండి మీద సూర్యాపేట పోయాడు రాజ్‌కుమార్. ప్లాస్టిక్ సామాన్ల దుకాణంలో రెండు నచ్చాయి. ఒకటి వెడల్పాటి తొట్టి, పిల్లలకు నీళ్ళు పోసే రకం. రెండోది ఎత్తుగా, నున్నగా, నీలం రంగు డ్రమ్ము. మేడం చెప్పింది వెడల్పుదే. అతనికీ తెలుసు. కానీ తొట్టిని అరుగు మీద ఊహించుకున్నాడు. అరుగు నిండిపోతుంది, బండి పెట్టుకోవడానికి జాగా ఉండదు. డ్రమ్ము అయితే మూలకు ఒదుగుతుంది. నీళ్ళు కూడా ఎక్కువ పడతాయి. కప్పలకు నీళ్ళే కదా కావాల్సింది! డ్రమ్మే తీసుకున్నాడు. ఈ మనిషికి జాగా ఆశ ఎప్పుడు పోతుందో!

డ్రమ్ములో వాన నీళ్ళు పోశారు. నీడన పెట్టారు. మొదట్లో అంతా బాగానే జరిగింది. వైష్ణవి పొద్దున లేవగానే డ్రమ్ము దగ్గరికే పరుగెత్తేది. పాలకూర వేసేది. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి పదమూడు అని అరిచి చెప్పేది. మూడో వారానికి వెనక కాళ్ళు వచ్చాయి. ఆ రోజు మోతీబాయి చెయ్యి పట్టి లాక్కొచ్చి చూపించింది. “నీ కండ్లు మంచిగున్నయే, నాకేం కనవడ్తలేవు,” అని ముసలామె విసుక్కుంది గానీ చాలాసేపు అక్కడే వంగి నిలబడింది. రాత్రి అన్నం దగ్గర పిల్ల ఆపకుండా కప్పల ముచ్చట్లే చెప్పింది. ఒకసారి నవ్వింది కూడా. ఆ నవ్వు అచ్చం రజితదే. రాజ్‌కుమార్ చెయ్యి కడుక్కునే సాకుతో లేచి బయటికి పోయాడు.

రాయి సంగతి అతనికి రెండుసార్లు గుర్తుకొచ్చింది. ఒకసారి చేనుకు మందు కొట్టే తొందరలో ఉన్నాడు. ఇంకోసారి డ్రమ్ము లోతుకు సరిపోయే రాయి దొరకలేదు. రేపు చూద్దామనుకున్నాడు.

ఆగస్టు నడిమి ఒక పొద్దున వైష్ణవి లెక్కపెట్టిన చప్పుడు వినపడలేదు. రాజ్‌కుమార్ బయటికొచ్చి చూసేసరికి పిల్ల డ్రమ్ము పక్కన గొంతుక్కూర్చుని ఉంది. అరచేతిలో ఒక కప్ప పిల్ల. నాలుగు కాళ్ళూ ఉన్నాయి, తోక సగం కరిగింది, బొటనవేలి గోరంత ఉంది. కదలడం లేదు. డ్రమ్ములో ఇంకో మూడు అలాగే తేలుతున్నాయి. బతికి ఉన్నవాటిలో ఒకటి నున్నటి గోడను ముందు కాళ్ళతో తడుముకుంటూ పోతోంది. పట్టు దొరక్క జారుతోంది, మళ్ళీ తడుముతోంది. ఒక చుట్టు తిరిగి మొదటికే వచ్చింది.

“డాడీ, కప్పకు ఈత రాదా?”

“ఎందుకు రాదు బిడ్డా. వస్తది.”

“మరెట్ల మునిగింది?”

రాజ్‌కుమార్ చేతికందిన కట్టెపేడును డ్రమ్ములో ఏటవాలుగా దించాడు. తిరుగుతున్న కప్ప పిల్ల దానికి తగిలి, పట్టుకుని, నీళ్ళ పైకి ఎక్కి కూర్చుంది.

“ఎక్కనీకి జాగా లేదు,” అన్నాడు. “గోడ నున్నగున్నది. తిరిగి తిరిగి అలిసిపోయినయ్.”

పిల్ల ఆ కట్టెను చూసింది. డ్రమ్ము గోడను చూసింది. తర్వాత తండ్రి మొహం చూసింది.

“అమ్మకు గూడ ఈతొచ్చు గదా.”

పదకొండు నెలలు ఆ పిల్ల నోట్లో ఉన్నది ఈ మాటే. మాట్లాడకపోవడానికి కారణం ఇదేనని రాజ్‌కుమార్‌కు అప్పుడు తెలిసింది. కళ్ళు తిరిగి పడిందిలే అని మళ్ళీ చెప్పవచ్చు. పిల్ల ఊ అంటుంది. ఇక ఎప్పటికీ ఊ అనే అంటుంది. గడపలో కూర్చున్న తల్లి వంక చూశాడు. మోతీబాయి అటు మొహం తిప్పుకుంది. ఈ పని నీదే, నువ్వే చెయ్యి అన్నట్టు కూర్చుంది.

అతను పిల్ల ఎదురుగా నేల మీద కూలబడ్డాడు.

“వచ్చు,” అన్నాడు. “మీ అమ్మకు మంచిగ ఈతొచ్చు. కండ్లు తిరగలేదు. ఈదింది. ఎక్కనీకి జాగా లేకుండె.”

“ఎందుకు లేకుండె?”

“నేను పెట్టలే. ఒక పక్క వాలు పెట్టమని మీ అమ్మ అడిగింది. ఒక్కసారి గాదు, చానా సార్లు అడిగింది. ఎనిమిది సాళ్ళ పత్తి పోతదని నేను పెట్టలే.”

చెప్పాక అతనికి ఏడుపు ఆగలేదు. దినాలప్పుడు కూడా అలా ఏడవలేదు. పిల్ల ఏడవలేదు, దగ్గరికీ రాలేదు. అరచేతిలోని కప్ప పిల్లను చూస్తూ కూర్చుంది. నాచు మీది గీతల సంగతి మాత్రం అతను చెప్పలేదు. అది తను ఒక్కడే మోయాల్సింది అనుకున్నాడు.

కాసేపటికి గరగరమని చప్పుడైంది. మోతీబాయి కొట్టం పక్క నుంచి సిమెంటు గోలేన్ని ఈడ్చుకొస్తోంది. అరుగు మీద బండి నిలిపే చోట దాన్ని పెట్టింది. మేకలకు వేరే బకెట్ పెట్టి, ఇంటి వెనక నుంచి గరుకు బండ ఒకటి తెచ్చి గోలెంలో వాలుగా ఆనించింది.

“గిండ్ల పొయ్యి వాటిని,” అంది మనవరాలితో. “ముందుగాలనే ఇయ్యకపోతి. నాది గూడ తప్పే.”

మిగిలిన తొమ్మిదింటినీ గోలెంలోకి మార్చారు. సాయంత్రానికల్లా నాలుగు బండ మీదికి ఎక్కి కూర్చున్నాయి.

ఆ తర్వాత అయిదు రోజులు వైష్ణవి తండ్రితో మాట్లాడలేదు. మునుపటి మౌనం వేరు, ఇది వేరు. మునుపు అతని వంక చూసేది కాదు. ఇప్పుడు సూటిగా చూసేది. అతను పాలు కలిపి ఇస్తే పక్కకు నెట్టేది. జడ వేయబోతే నాయనమ్మ దగ్గరికి పోయేది. రాజ్‌కుమార్‌కు అది నరకంలా ఉంది. అయినా ఒక అబద్ధం బరువు తగ్గినట్టు కూడా తెలుస్తోంది.

ఆరో రోజుకు తోకలు పూర్తిగా పోయాయి. ఇక వాటిని నీళ్ళున్న చోట వదిలేయమని మేడం చెప్పి పంపింది. తండాకు దగ్గర్లో నీళ్ళున్నది ఒక్కచోటే.

“కుంట కాడ వదులుదామా?” అని భయం భయంగానే అడిగాడు.

“నేను వదల,” అంది వైష్ణవి. “గాడ గూడ ఎక్కనీకి జాగా లేదు. జాగా పెట్టు. అప్పుడు వదుల్త.”

ఆ మాట మీద అతను ఫోన్ తీశాడు. పదకొండు నెలలుగా తాకని నంబరు. అవతల జీవన్ ఎత్తాడు.

“జీవన్, నేనే. కుంటకు ఒక పక్క వాలు తియ్యాలె. మీ అక్క చెప్పినట్టు.”

అవతల మిషన్ ఇంజన్ ఆపిన చప్పుడు వినపడింది.

“ఎల్లుండొస్త,” అన్నాడు జీవన్.

మిర్యాలగూడ నుంచి రెండు బస్సులు మారి తిరుమలగిరిలో దిగాడు. అక్కడ తెలిసినవాళ్ళ మిషన్ తీసుకుని తనే నడుపుకుంటూ చేనుకు వచ్చాడు. అంతకు ముందే రాజ్‌కుమార్ కుంటలో నీళ్ళు సగానికి పైగా పత్తికి తోడేశాడు. తూర్పు పక్క షీటు విప్పి మడిచి పెట్టాడు. బావా బావమరుదులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మిషన్ తొట్టి పూతకొచ్చిన పత్తి మీద పడింది. మొదటి సాలు కూలింది. రెండోది కూలింది. పచ్చటి చెట్లు మట్టిలో కలిసిపోతుంటే రాజ్‌కుమార్ కళ్ళు తిప్పుకోకుండా నిలబడి చూశాడు.

మధ్యాహ్నానికి నిట్టనిలువు గోడ పోయి, గట్టు మీది నుంచి నీళ్ళ దాకా మెల్లటి వాలు వచ్చింది. షీటు తిరిగి పరిచి, దాని మీద మట్టి పోసి, గరుకు బండలు వరసగా నాటారు. మిగిలిన మూడు పక్కలా ముడులు వేసిన మోకులు కట్టి నీళ్ళలోకి వదిలారు. జీవన్ ఒక్కొక్క మోకునూ తన బరువంతా వేసి లాగి చూశాడు. చివరిది లాగాక గట్టు మీద కూర్చుని తువ్వాలలో మొహం దాచుకున్నాడు.

అప్పుడు వైష్ణవి తట్టలో తొమ్మిది కప్ప పిల్లలను పెట్టుకుని వచ్చింది. మీద తడి గుడ్డ కప్పి ఉంది. బండల మీదుగా ఒక్కొక్క అడుగే దిగి నీళ్ళ అంచున కూర్చుని గుడ్డ తీసింది. అవి ఒకటొకటిగా దుమికాయి. చివరిది నీళ్ళలో పడి ఒక మూర దూరం ఈది, వెనక్కి తిరిగి వచ్చి బండ మీదికి ఎక్కింది. పిల్ల దాన్ని చూస్తూ కాసేపు ఉంది.

తర్వాత లేచి పైకి వచ్చింది. మిగిలిన పత్తి మొదటి సాలు దగ్గర ఆగింది. అక్కడి నుంచి పాత గోడ ఉన్న చోటు దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచింది. పన్నెండు అడుగులు. మళ్ళీ వెనక్కి వచ్చి ఇంకోసారి నడిచింది. అప్పుడు కూడా పన్నెండే వచ్చాయి.

“ఎనిమిది సాళ్ళంటే ఇంతేనా డాడీ?”

“ఇంతే బిడ్డా,” అన్నాడు రాజ్‌కుమార్.